ట్రాక్టర్‌ను వెనక నుంచి చూడండి

చిరంజీవులు చిన్నోడికి, బుజ్జమ్మకు,

మీ తాత ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మొన్నటి వానకు దానిమ్మ తోటలో గడ్డి మోకాలెత్తు లేచింది.

పోయిన వారం ఫోన్లో చిన్నోడు "తాతా, 24 హెచ్‌పీ తీసుకుందామా, 27 తీసుకుందామా?" అని అడిగాడు. మినీ ట్రాక్టర్ల వీడియోలన్నీ చూసేసి, ఒక్కో కంపెనీ బండి పేరు గడగడా చెప్పాడు. సంతోషం వేసింది. కానీ ఆ ప్రశ్నకు ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇంజిను బలం చెప్పే ఈ హెచ్‌పీ దగ్గర మొదలుపెడితే ఈ లెక్క తేలదు. బండి వెనక ఏం తగిలిస్తాం, దాన్ని ఎక్కడ తిప్పుతాం అన్న దగ్గర మొదలుపెట్టాలి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

మన దానిమ్మలో వరుసకూ వరుసకూ మధ్య పదిహేను అడుగులు వదిలాం. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు పెద్ద ట్రాక్టరే హాయిగా తిరిగింది. ఇప్పుడు రెండు వైపులా కొమ్మలు సాగి, మధ్యలో ఆరేడు అడుగులు మిగిలింది. పెద్ద బండి వెళ్తే మడ్‌గార్డు తగిలి పూత రాలుతోంది, కాయకు గీతలు పడుతున్నాయి. గీత పడిన కాయను మార్కెట్లో పక్కన పెట్టేస్తారు. చీనీ, అదే బత్తాయి తోటలో ఇంకో ఇబ్బంది. అక్కడ దారి వెడల్పుగానే ఉంది, కొమ్మలే కిందికి వాలి ఉన్నాయి. ఒకచోట వెడల్పు చూసుకోవాలి, ఇంకోచోట ఎత్తు చూసుకోవాలి. మనది ఎర్రనేల కాబట్టి బండి మీద అంత భారం పడదు. అదే నల్లరేగడి అయితే తడిసినప్పుడు బంకలా పట్టుకుంటుంది, ఎండితే రాయిలా బిగుసుకుంటుంది. అక్కడ ఇంకాస్త బలమున్న బండి కావాలి. ముందు చక్రాలకు కూడా ఇంజిను బలం అందే ఫోర్ వీల్ బండి మనకు మంచిదని నా అభిప్రాయం. దున్నిన మెత్తటి నేలలో జారదు, వాలులో పట్టు ఉంటుంది.

షోరూముకు వెళ్తే అందరూ బండి ముందు నిలబడి బానెట్టూ లైట్లూ చూస్తారు. మీరు నేరుగా వెనక్కి వెళ్లండి. అక్కడ కింద రెండు చేతులు చాచినట్టు రెండు ఇనుప కడ్డీలు ఉంటాయి. వాటిని లోయర్ లింకులంటారు. వాటి పైన, మధ్యలో, తిప్పితే పొడవు పెరిగే తగ్గే కడ్డీ ఒకటి ఉంటుంది. అది టాప్ లింకు. ఈ మూడింటినీ కలిపి త్రీ పాయింట్ లింకేజీ అంటారు. వాటి నడుమ ఆరు గాడులున్న చిన్న ఇరుసు ముక్క బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అదే పీటీవో. కత్తులతో నేలను గుల్ల చేసే రోటవేటర్ తిరిగేది, మందు కొట్టే పంపు తిరిగేది దాని బలంతోనే.

ఈ మూడు కడ్డీల ఏర్పాటు వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. ఆయన పేరు హ్యారీ ఫెర్గూసన్. 1884లో ఐర్లండులో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. ఆ రోజుల్లో ట్రాక్టర్ వెనక నాగలిని గొలుసుతో కట్టి లాగించేవాళ్లు. నాగలి భూమిలో రాయికో వేరుకో తట్టుకుని ఆగిపోతే, ఇంజిను ఆగదు కదా, ట్రాక్టర్ ముందు భాగం లేచి వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడేది. అలా ఎంతోమంది పోయారు. నాగలిని ఊరికే వెనక కట్టకుండా ట్రాక్టర్‌కు అతికిన అవయవంలా బిగించాలని ఫెర్గూసన్ ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కాగితం మీద సంతకం కూడా లేకుండా చేయి కలిపి ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ ఆ ఏర్పాటుతో బయటికి వచ్చింది. ఇవాళ మన ఊళ్లో ఏ కంపెనీ బండి వెనక చూసినా ఆ మూడు కడ్డీలే కనిపిస్తాయి.

అందులో కిటుకు టాప్ లింకులో ఉంది. నాగలి మొన భూమిలో ఉంటుంది, నేల దాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. కింది భాగాన్ని వెనక్కి లాగితే పై భాగం ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపు టాప్ లింకు గుండా బండిని నెట్టి, ముందు చక్రాలను నేలకు అదిమి పెడుతుంది. అంటే ఏ లాగుడు బండిని తిరగేసేదో, అదే లాగుడు ఇప్పుడు బండిని నిలబెడుతోంది. దీన్ని మొదటిసారి అర్థం చేసుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకు పట్టలేదో కూడా చెబుతాను. అంతకు కొన్నేళ్ల ముందు, 1994లో, చేనిలో ఒక తుమ్మ మొద్దు పీకాలని నేనే గొలుసు తీసుకెళ్లి టాప్ లింకు బిగించే చోట కట్టాను. కింద హుక్కుకు కడితే గొలుసు నేలకు రాసుకుంటోందని, పైన అయితే బాగా లాగుతుందని అనుకున్నాను. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలాను. మొద్దు కదల్లేదు. నా కళ్ల ముందున్న స్టీరింగు, బానెట్టు, ముందు చక్రాలు ఆకాశంలోకి లేచాయి. మీ చిన్న తాత కేక వేశాడు. ఆ కేక చెవిన పడేలోపే నా కాలు క్లచ్‌ను మళ్లీ తొక్కేసింది, బండి ముందు భాగం దబ్బున కింద పడింది. కాలు అప్పటికి క్లచ్ మీద నుంచి పూర్తిగా తీయలేదు కాబట్టి బతికాను. తీసి ఉంటే ఈ ఉత్తరం రాసే మనిషి లేడు. ముందు చక్రాలు లేవడం మొదలయ్యాక ముప్పావు సెకనులో బండి ఇక వెనక్కి రాని స్థితికి చేరుతుందని, ఒకటిన్నర సెకనులో తిరగబడి నేలకు తగులుతుందని తర్వాత తెలుసుకున్నాను. మనిషికి విషయం అర్థమై కాలు కదిలించడానికే దాదాపు ఆ ముప్పావు సెకను పడుతుంది.

ఎద్దుల బండి గుర్తుందా, బుజ్జమ్మా? వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడలు ఎత్తుకుపోతాయి. ఇదీ అంతే. వెనక ఇరుసు కన్నా పైన కట్టి లాగితే ముక్కు లేస్తుంది, కింద కట్టి లాగితే లేచే ప్రమాదం బాగా తక్కువ. అందుకే ఏదైనా లాగాలంటే వెనక ఇరుసు కన్నా కింద ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింకుకు కాదు, సీటు వెనకున్న కమ్మీకి కాదు, పైకెత్తిన లోయర్ లింకులకు కూడా కాదు.

వానలో బండి దిగబడినప్పుడు కొందరు వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కడతారు. మీరు చూసే ఉంటారు. దుంగ నేలలో తట్టుకుంటే చక్రం తిరగలేదు. చక్రం తిరగకపోతే ఇంజిను బలం ఎటు పోవాలి? ఇరుసు చుట్టూ బండినే పైకి తిప్పేస్తుంది. మన తోటలో ఆ పని ఎవరూ చేయకూడదు. పార తీసుకుని బురద తీసి, చక్రాల కింద రాళ్లో పలకలో వేసి, మెల్లగా రివర్స్‌లో రావాలి. రాకపోతే ఇంకో ట్రాక్టర్‌ను పిలిపించాలి. గంట పోతే పోనీ.

ఇక చిన్నోడి ప్రశ్నకు వస్తాను. కాగితం మీద లిఫ్ట్, అంటే వెనక కడ్డీలు ఎత్తగల బరువు, 750 కిలోలు అని రాసి ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోకండి. మందు కొట్టే ట్యాంకుతో సహా 300 కిలోల పనిముట్టు తగిలించామనుకోండి. దాని బరువు వెనక ఇరుసుకు నాలుగు అడుగుల దూరంలో వేలాడుతుంది. ముందు చక్రాలు వెనక చక్రాలకు ఐదు అడుగుల దూరంలో ఉన్నాయి. 300ని నాలుగుతో గుణించి ఐదుతో భాగించండి. 240 వస్తుంది. అంత బరువు ముందు చక్రాల మీద నుంచి పోతుంది. చిన్న బండి మొత్తమే ఏడెనిమిది వందల కిలోలు. అందులో ముందు ఇరుసు మీద ఉండేది సుమారు మూడు వందలు. ఇక మిగిలేది ఎంత? స్టీరింగు తిప్పినా బండి తిరగదు, గెనిమ ఎక్కితే ముక్కు లేస్తుంది. లిఫ్ట్ ఎత్తగలదు, బండి మోయలేదు. ఈ రెండూ వేరు. అందుకే ముందు బంపరుకు వెయిట్లు తగిలించే ఏర్పాటు ఉందా అని షోరూములో అడగండి. ట్యాంకు చిన్నది చూద్దాం, నాలుగు సార్లు ఎక్కువ నింపుకుంటే నష్టం లేదు.

ఇంజిను హెచ్‌పీ పక్కనే పీటీవో హెచ్‌పీ అని ఇంకో అంకె ఉంటుంది, అది కాస్త తక్కువ. రోటవేటర్‌కు పనికొచ్చేది ఆ అంకే. రోటవేటర్ వెడల్పు వెనక టైర్ల వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి, లేకపోతే టైరు తొక్కిన జాడ అలాగే ఉండిపోతుంది. క్లచ్ తొక్కితే పీటీవో కూడా ఆగిపోతుందా, విడిగా తిరుగుతుందా అన్నదీ అడగండి. చెట్టు చెట్టుకూ ఆగి మందు కొట్టే మనకు విడిగా తిరిగేదైతే పని సుఖం.

మీ నాయన కొట్టంలో ఉన్న పాత కల్టివేటర్ కొత్త బండికి వాడదామంటున్నాడు. అది దీనికి సరిపడదు. పెద్ద ట్రాక్టర్ల పనిముట్లకు కింది పిన్నులు 28 మిల్లీమీటర్ల లావుంటాయి. మినీ బండ్లలో లోయర్ లింకుల చివర ఎక్కువగా 22 మిల్లీమీటర్ల పిన్ను పట్టే బెజ్జమున్న గుండ్లు ఉంటాయి. తొమ్మిది కాళ్ల కల్టివేటర్‌ను చిన్న బండి లాగనూ లేదు. ఐదు కాళ్లది విడిగా కొనాలి. ఆ ఖర్చు బండి ధరలో కలిపే లెక్క వేసుకోవాలని మీ నాయనకు కూడా చెప్పండి. పిన్ను పోతే దాని బదులు బోల్టో ఇనుప చువ్వో దూర్చే పని ఎవరూ పెట్టుకోవద్దు.

పనిముట్టు తగిలించడం దగ్గరుండి నేర్పుతాను. ఇప్పటికి చదివి ఊహించుకోండి. పనిముట్టును చదునైన చోట పెట్టి, బండిని మెల్లగా రివర్స్‌లో తెస్తాం. ఆ సమయంలో బండికీ పనిముట్టుకీ మధ్య ఎవ్వరూ ఉండకూడదు. "రా, రా, ఇంకొంచెం" అని చేయి ఊపుతూ మధ్యలో నిలబడే అలవాటు మనవాళ్లకు చాలా ఉంది. డ్రైవర్ కాలు ఒక్క అంగుళం జారితే నడుము నలిగిపోతుంది. బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే దిగాలి. ముందు ఎడమ లింకు తగిలించాలి, తర్వాత కుడి లింకు. ఎత్తు తక్కువ ఎక్కువలు సరిచేసే ఏర్పాటు ఎక్కువ బండ్లకు కుడివైపే ఉంటుంది, అందుకే కుడిది రెండోది. ఆ తర్వాత టాప్ లింకు. ప్రతి పిన్నుకూ లాక్ క్లిప్పు పెట్టి, వేలితో లాగి చూడాలి. లోయర్ లింకులు అటూ ఇటూ ఊగకుండా పక్క గొలుసులు బిగించాలి, లేకపోతే పనిముట్టు ఊగి టైరుకు తగులుతుంది. పీటీవో షాఫ్టు చివరన. విప్పేటప్పుడు ఇదంతా తిరగేసి, షాఫ్టు మొదలు. నేల మీద నిలబడి చేయి చాపి లిఫ్ట్ లీవర్ కదిలించడం వద్దు, సీట్లో కూర్చునే కదిలించాలి.

పీటీవో షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. తువాలు అంచు తగిలితే ఒక్క సెకనులో ఏడు అడుగుల గుడ్డ చుట్టేసుకుంటుంది. గుడ్డతో పాటు మనిషి కూడా పోతాడు. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే కొత్తది వేసేదాకా బండి కదలదు. బుజ్జమ్మా, నీ చున్నీ, జడ. చిన్నోడా, మెడలో ఆ ఇయర్‌ఫోన్ వైరు. మీ అవ్వ చీర కొంగు బొడ్లో దోపుకున్నా సరే, షాఫ్టు తిరుగుతున్నంతసేపు ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి. రోటవేటర్ కత్తులకు గడ్డి చుట్టుకుంటే ఇంజిను ఆపి, పనిముట్టు నేలకు దించి, అప్పుడే తీయాలి. ఎత్తి పెట్టాల్సి వస్తే కింద దిమ్మె పెట్టకుండా చేయి పెట్టకూడదు. లీవర్‌కు ఎవరి మోకాలైనా తగిలితే చాలు, అది దిగిపోతుంది.

మడ్‌గార్డు మీద కూర్చుని తోట చుట్టూ తిరగాలని బుజ్జమ్మకు ఆశ ఉందని నాకు తెలుసు. కుదరదు తల్లీ. ఆ బండికి ఒక్క సీటే ఉంది. 18 నిండి లైసెన్సు చేతికొచ్చాక నువ్వే స్టీరింగు పట్టుకుందువు, నేను గట్టు మీద నిలబడి చూస్తాను.

వచ్చే ఆదివారం మీ నాయన, నేను అనంతపురం వెళ్లి రెండు మూడు బండ్లు చూస్తాం. మీరు శనివారమే రండి. పొద్దున్నే ఎండ ఎక్కకముందు ముగ్గురం టేపు పట్టుకుని తోటలోకి వెళ్దాం. దానిమ్మలో కొమ్మ నుంచి కొమ్మకు ఎంత దూరముందో, చీనీలో కింది కొమ్మ నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకోవాలి. ఒక్క చోట కాదు, పది చోట్ల. అన్నిటికన్నా ఇరుకైన కొలతే షోరూముకు తీసుకెళ్తాం. నోటు పుస్తకం మర్చిపోకండి.

ఇట్లు
మీ తాత