చిప్రోవ్‌త్సి గని కార్మికులు బోగోమిల్ల వారసులా?

మధ్యయుగ ఐరోపా చరిత్ర చెబుతాను. ఏటా ఎవరో ఒకరి ప్రాజెక్టులో ఈ మాట కనిపిస్తుంది: "చిప్రోవ్‌త్సి గని కార్మికులు బోగోమిల్ల వారసులు, అందుకే 1688లో ఒట్టోమాన్ల మీద తిరగబడ్డారు."

బోగోమిల్లంటే మంచి, చెడు అనే రెండు శక్తులు లోకాన్ని నడుపుతాయని నమ్మిన ద్వైతవాద క్రైస్తవ శాఖ. కానీ ఆ మాట తప్పు. వాయవ్య బల్గేరియాలోని ఈ గనుల ఊరికి క్యాథలిక్ మతాన్ని తెచ్చింది సాక్సన్ గని పనివాళ్లు. కొన్ని తరాల్లో వాళ్లు స్థానికుల్లో కలిసిపోయారు. భాష పోయింది, మతం నిలిచింది. బోగోమిల్ల మాట 10వ శతాబ్దంలో బల్గేరియా రాజు జార్ పీటర్ కాలానిది.

మరి ఈ గందరగోళం ఎక్కడిది? పౌలీషియన్ల వల్ల. ఆర్మేనియా వైపు పుట్టిన ఈ శాఖవాళ్లూ బోగోమిల్ల లాగే ద్వైతవాదులు. వాళ్లను బైజాంటిన్ చక్రవర్తులు బాల్కన్లలోని థ్రేస్‌కు తరలించారు. 17వ శతాబ్దంలో ప్లోవ్‌దివ్, నికోపోల్ ప్రాంతాల పౌలీషియన్లను క్యాథలిక్కులుగా మార్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసుల్లో చిప్రోవ్‌త్సి వాళ్లు ముఖ్యులు. అంటే, శిష్యులను తీసుకెళ్లి గురువుల తాతముత్తాతలను చేస్తున్నాం! 1688 తర్వాత ఈ రెండు గుంపుల వాళ్లూ డాన్యూబ్ దాటారు, చివరికి ఎక్కువగా ఇప్పటి రుమేనియా, సెర్బియాల్లో ఉన్న బనాత్‌లో స్థిరపడ్డారు, ఇద్దరికీ కలిపి బనాత్ బల్గేరియన్లనే పేరు వచ్చింది. ఆ ఒక్క పేరు చూసి రెండు కథలనూ ఒకటి చేసేస్తారు.

తిరుగుబాటుకు కారణం వేరే. 1688 సెప్టెంబరులో ఆస్ట్రియా సైన్యం బెల్‌గ్రేడ్‌ను పట్టుకుంది. పీటర్ పార్చెవిచ్ లాంటి మతగురువులు ఐరోపా రాజుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి కోరిన సాయం ఇక వచ్చేసిందనుకుని ఊరివాళ్లు తిరగబడ్డారు. ఆ సాయం రాలేదు. ఒట్టోమాన్ల పక్షాన ఉన్న హంగేరీ నాయకుడు ఇమ్రె థోకోలి సేనలు తిరుగుబాటును అణిచేశాయి, ఊరు నాశనమైంది.

ఒక అమ్మాయి ఒక అధ్యాయమంతా ఈ అపోహ మీదే కట్టింది. సమర్పణకు పది రోజులుందనగా నా గదికొచ్చి "సార్, మొత్తం పోయినట్టేనా?" అంది, కళ్లనిండా నీళ్లు. "లేదమ్మా, నీ ఆధారాలు పోలేదు, శీర్షిక మారితే చాలు" అన్నాను. పౌలీషియన్ల మతమార్పిడి మీద తిరగరాసింది. మంచి అధ్యాయమైంది. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన ఒక్క వాక్యం వల్ల ఆ పిల్లకి వారాల టెన్షన్.

ఇంకో రెండు అపోహలు. బోస్నియాలోని స్తెచ్చి సమాధిరాళ్లు బోగోమిల్లవి అంటారు. కాదు, క్యాథలిక్కులూ ఆర్థడాక్సులూ బోస్నియాకే ప్రత్యేకమైన బోస్నియా చర్చివాళ్లూ అందరూ నిలిపినవే. ఒట్టోమాన్లు వచ్చి గనులు మూయించారనడమూ తప్పే. పాత సాక్సన్ గని కట్టుబాట్ల ఆధారంగానే చట్టాలు రాసుకుని తవ్వించారు.