పీఎస్ 2 అంటోంది, టాప్ 100 అంటోంది

"సర్వర్లో ఒక ప్రోగ్రాం ప్రాసెసర్‌ని ఎంత వాడుతోందో చూడ్డానికి స్క్రిప్టు రాశాను. నడుస్తున్న ప్రోగ్రాంల వివరాలు చూపే పీఎస్ కమాండు 2 శాతం అంటోంది, అదే సమయానికి అలాంటిదే టాప్ కమాండు 100 అంటోంది. ఏది నమ్మాలి?" అని ఒక పాఠకుడు అడిగారు. రెండూ నిజమే!

లినక్స్‌లో "ఇప్పుడు ఇంత శాతం" అనే అంకె ఎక్కడా రాసిపెట్టి ఉండదు. ఉండేది కరెంటు మీటరు లాంటిది. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రోగ్రాం పీఐడీ (నడిచే ప్రతి ప్రోగ్రాంకీ సిస్టమ్ ఇచ్చే నంబరు) పేరిట ఉన్న ఫోల్డరులో స్టాట్ అనే ఫైలు తెరవండి. 14వ గడిలో ప్రోగ్రాం సొంత పనికి పట్టిన సమయం, 15వ గడిలో దాని కోసం కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) పనిచేసిన సమయం ఉంటాయి. కొలత టిక్కుల్లో, మామూలుగా సెకనుకు 100. కాలేజీల్లో కమాండ్లు బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క ఫైలు తెరిచి చూపిస్తే ఎంత బాగుండును!

మీటరు మీద 48,210 కనిపిస్తే ఈ నెల ఎంత కాల్చామో తెలియదు కదా, పాత రీడింగు తీసెయ్యాలి. టాప్ చేసేది అదే. పీఎస్ మాత్రం మీటరు బిగించిన రోజు నుంచి తిరిగిన యూనిట్లన్నిటినీ ఆ మొత్తం కాలంతో భాగిస్తుంది. 10 గంటల కిందట మొదలైన ప్రోగ్రాం ఖాళీగా కూర్చుని, చివరి 12 నిమిషాలే ప్రాసెసర్‌ని వదలకుండా వాడిందనుకోండి. 600 నిమిషాల్లో 12, అంటే 2 శాతం. టాప్ మామూలుగా 3 సెకన్లకోసారి మీటరు చూస్తుంది, దానికి కనిపించేది ఆ చివరి 3 సెకన్లే.

కాబట్టి స్క్రిప్టు కూడా రెండుసార్లు మీటరు చూడాలి. 14, 15 గడుల మొత్తం ముందు 48,210, 5 సెకన్ల తర్వాత 48,685. తేడా 475 టిక్కులు, అంటే 4.75 సెకన్లు. 5తో భాగిస్తే 95 శాతం. ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలైన కోర్లు నాలుగింటి మీద నడిస్తే 400 దాకా పోవచ్చు, కంగారు పడకండి. 5 సెకన్లు ఆగమన్నా స్క్రిప్టు కాస్త ఎక్కువే ఆగుతుంది. మీటరు రీడరు 33వ రోజున వస్తే 33తోనే భాగించాలి, 30తో కాదు. సెకనులో పదోవంతుకోసారి చూడాలని ఆశపడితే చేతికొచ్చేవి 10 టిక్కులే, లెక్క 10 శాతం మెట్లతో గెంతుతుంది.

రెండో గడిలో ప్రోగ్రాం పేరు బ్రాకెట్లలో ఉంటుంది. గడులను విడదీసేది ఖాళీలే కాబట్టి పేరులో ఖాళీ ఉంటే వాటి వరస తప్పుతుంది. చివరి మూసే బ్రాకెట్టు తర్వాత నుంచి లెక్కపెడితే మనక్కావలసినవి 12, 13.

ఒకోసారి తేడా మైనస్‌లో వస్తుంది. పాత ప్రోగ్రాం ఆగిపోయి, అదే పీఐడీ ఇంకోదానికి దక్కిందన్నమాట. డోర్ నంబరు అదే, మీటరు కొత్తది. 22వ గడిలో మొదలైన సమయం ఉంటుంది. అది మారితే పాత రీడింగు పారేసి మళ్లీ మొదలుపెట్టండి.