స్కోప్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు

"రిపోర్టులో ఏమీ లేదన్నారండీ. మరి నాకు గొంతెందుకు రావట్లేదు?" గొంతుకు థెరపీ చేసే నన్ను ఈ మాట చాలామంది గుసగుసగానే అడుగుతారు. పక్కన కూర్చున్న ఇంటివాళ్ల మొహంలో మాత్రం అనుమానం: కావాలనే చేస్తోందేమో!

ఈ అపోహ వల్లే మనుషులు నెలలకు నెలలు పోగొట్టుకుంటున్నారు. స్వరతంత్రుల మీద గడ్డ ఉందా, పక్షవాతం వచ్చిందా అన్నది స్కోప్, అంటే గొంతులోకి కెమెరాతో చూసే పరీక్ష, చెబుతుంది. చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని స్వరపేటికను పైకి లాగేస్తే, అది వేళ్లకే బాగా తెలుస్తుంది. గడ్డం కింద హయాయిడ్ ఎముకకీ, దాని కిందున్న థైరాయిడ్ మృదులాస్థికీ మధ్య కాస్త సందుండాలి. వీళ్లలో అది దాదాపు మూసుకుపోయి, తాకితే నొప్పెడుతుంది. ఇదే మజిల్ టెన్షన్ డిస్ఫోనియా. మనసులోని ఒత్తిడి ఒక కారణం కావచ్చు, కానీ బిగుసుకున్నది నిజమైన కండరం.

ఒక టీచర్‌గారు ఏడు నెలలు గుసగుసతోనే పాఠాలు చెప్పారు. మాటల్లో నేనేదో అంటే పకపకా నవ్వారు. ఆ నవ్వు ఖంగుమంది! "చూశారా, నవ్వితే వస్తుంది" అన్నారు భర్త, దొంగను పట్టుకున్నట్టు. నాకైతే అదే పెద్ద ఆధారం. తంత్రులు చక్కగా కలుస్తున్నాయి, మాట దగ్గరే కండరాలు పట్టేస్తున్నాయి. ఆ సందుకు రెండు వైపులా వేళ్లాన్చి, మెల్లగా గుండ్రంగా రుద్దుతూ, స్వరపేటికను కిందికి దించుతూ "మ్..." అనమన్నాను. కాసేపటికి సొంత గొంతు పలికింది. ఆవిడ ఏడ్చేశారు. మర్నాటికి మళ్లీ బిగిసింది, నిలబడటానికి ఇంకో నాలుగు సిట్టింగులు పట్టాయి. ఒక్కసారికే తేరుకునేవాళ్లూ ఉన్నారు గానీ, ఆ మాట ముందే ఇవ్వను.

గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతా? కాదు, చాలామందిలో బిగువు ఇంకా పెరుగుతుంది.

వీడియోలు చూసి గొంతు నొక్కుకోవడం దయచేసి మానేయండి. పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని ఉంది, గట్టిగా నొక్కితే కళ్లు తిరిగి పడిపోవచ్చు.

స్కోప్ లేకుండా నేరుగా థెరపీకి రావడమూ తప్పే. బొంగురు 4 వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు చూడాల్సిందే. మింగలేకపోవడం, మెడలో గడ్డ, రక్తం పడటం, ఊపిరాడకపోవడం ఉంటే, పొగతాగే అలవాటుంటే, అన్నాళ్లు కూడా ఆగకండి.

స్కోప్ అయ్యి, ఏమీ లేదన్నారా? ఆ రిపోర్టు పట్టుకునే రండి. నవ్వినప్పుడు, దగ్గినప్పుడు గొంతు ఎలా వస్తోందో ఇంట్లోవాళ్లను గమనించి చెప్పమనండి.