సిమ్యులేటర్‌లో చిన్న విమానంతో కొండలు దాటడం: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో ఒక చిన్న గదిలో యోక్ (విమానాన్ని నడిపే చక్రం), పెడళ్లు, మూడు తెరలు అమర్చుకుని కొన్నేళ్లుగా నేను సిమ్యులేటర్‌లో కొండ ప్రాంతాల విమానయానాన్ని సాధన చేస్తున్నాను, నేర్చుకుంటామని వచ్చేవారికి చూపిస్తున్నాను. బండగుట్టలే తప్ప మంచుకొండలు ఎరగని ఈ ప్రాంతం వారికి హిమాలయాల మీద మోజు ఉండడం సహజమే కనుక, టేకాఫ్ సరిగా కుదరకముందే చాలామంది లద్దాఖ్‌లోని లేహ్‌కో నేపాల్‌లోని లుక్లాకో బయలుదేరుతారు. విమానం కూలిన తర్వాత వారు చెప్పే కారణం ఒక్కటే: కొండ అడ్డు వచ్చింది. నేను గమనించినంతలో కొండ చివరి క్షణంలో మాత్రమే ఎదురవుతుంది. అంతకు పది నిమిషాల ముందే గాలి ఆ విమానాన్ని ఓడించి ఉంటుంది. కింద రాసిన అపోహలన్నీ గాలిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: థ్రాటిల్ పూర్తిగా తెరిచి ముక్కు పైకెత్తితే ఎంత ఎత్తయినా దాటవచ్చు.

ఎక్కువమంది ఎంచుకునే సెస్నా 172ఎస్ విమానానికి 180 హార్స్‌పవర్ ఇంజిన్ ఉంటుంది, కానీ అది సముద్రమట్టం దగ్గరి లెక్క. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. సముద్రమట్టంలో నిమిషానికి 730 అడుగులు ఎక్కగలిగిన ఈ విమానం 10,000 అడుగుల దగ్గర 300 అడుగులు ఎక్కడమే గొప్ప. దాని గరిష్ఠ పరిమితి అయిన 14,000 అడుగుల దగ్గర నిమిషానికి వంద అడుగులు మాత్రమే మిగులుతుంది.

సుబేదారి నుంచి వచ్చే ఒక ఇంజనీరింగ్ విద్యార్థి కులు లోయలోని భుంతర్ విమానాశ్రయం నుంచి రోహ్‌తాంగ్ కనుమ దాటాలని ప్రయత్నించాడు. భుంతర్ ఎత్తు సుమారు 3,570 అడుగులు, రోహ్‌తాంగ్ ఎత్తు సుమారు 13,050 అడుగులు, రెండింటి మధ్య నేరుగా కొలిస్తే దూరం దాదాపు 55 కిలోమీటర్లే. ఆ దూరాన్ని ఇరవై నిమిషాల్లో దాటే విమానం అదే ఇరవై నిమిషాల్లో పదివేల అడుగులు ఎక్కాలంటే సగటున నిమిషానికి 500 అడుగులు ఎక్కాలి, అది దానికి సాధ్యం కాదు. మనాలి దాటిన తర్వాత కొండ తెరలో పెద్దదవుతున్నకొద్దీ అతని చేతులు యోక్‌ను తమకు తెలియకుండానే వెనక్కి లాగసాగాయి. వేగం సూది 72 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) నుంచి 65కు, 65 నుంచి 55కు జారింది, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) హెచ్చరిక కూత మొదలైంది, అయినా ఎక్కుదల సూది సున్నా దగ్గరే నిలబడింది. వేగం తగ్గించి ఎత్తు సంపాదించడం ఒకటి రెండు క్షణాలకే పనికొస్తుంది, ఆ తర్వాత రెండూ ఉండవు.

కొండ వరుసను కనీసం 2,000 అడుగుల పైనుంచి దాటాలన్నది కొండల్లో ఎగిరేవారు పాటించే నియమం. ఆ లెక్కన రోహ్‌తాంగ్‌కు 15,000 అడుగులు కావాలి, అంటే సెస్నా 172 పరిమితికి మించిన ఎత్తు. ఆ కనుమ ఆ విమానానిది కాదు. టర్బో ఇంజిన్ ఉన్న విమానాన్నయినా తీసుకోవాలి, మరో దారినైనా చూసుకోవాలి. దాటగలిగిన కనుమల దగ్గర కూడా లోయ వెడల్పుగా ఉన్నచోటనే చుట్లు తిరుగుతూ ఎత్తు సంపాదించి, ఆ తర్వాతే కొండవైపు ముక్కు తిప్పాలి.

అపోహ: ఎత్తు అంటే ఆల్టిమీటర్‌లో (ఎత్తు చూపే సాధనంలో) కనిపించే అంకెనే.

విమానం రెక్కలకు, ఇంజిన్‌కు తెలిసేది గాలి సాంద్రత మాత్రమే. ప్రామాణిక ఉష్ణోగ్రత సముద్రమట్టంలో 15 డిగ్రీలు, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. దానికంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకి దాదాపు 120 అడుగుల ఎత్తు కలిపినట్టు విమానం ప్రవర్తిస్తుంది. సుమారు 900 అడుగుల ఎత్తున్న మన వరంగల్‌లో మే నెల ఎండ 44 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం, నేల మీద నిలిచి ఉన్న విమానానికి కూడా అది దాదాపు 4,600 అడుగుల ఎత్తే. ఇదే లెక్క లేహ్‌కు వేసి చూడండి. ఆ విమానాశ్రయం ఎత్తు 10,682 అడుగులు. జులైలో 25 డిగ్రీలున్న మధ్యాహ్నం అది 14,400 అడుగులకు సమానం, అంటే సెస్నా 172 తన పరిమితి దాటిన ఎత్తులో టేకాఫ్ చేయాలన్నమాట. సిమ్యులేటర్‌లో తెల్లవారుజామును ఎంచుకోవడం అందుకే. మిక్స్చర్‌ను (ఇంజిన్‌లో గాలితో కలిసే ఇంధనం పాలును) ఆటోమేటిక్‌గా సరిచేసే సహాయాన్ని తీసేయండి. 3,000 అడుగుల ఎత్తు మించిన రన్‌వే మీద మిక్స్చర్ తగ్గించకుండా బయలుదేరితే ఇంజిన్ ఎంత శక్తి పోగొట్టుకుంటుందో అప్పుడే అర్థమవుతుంది.

అపోహ: మబ్బు లేకపోతే వాతావరణం బాగున్నట్టే.

వర్షాకాలంలో పాకాల చెరువు మత్తడి దూకేటప్పుడు చూసినవారికి దీన్ని వివరించడం తేలిక. మత్తడి పైకి వచ్చేవరకు నీరు అద్దంలా నున్నగా సాగుతుంది, దాటగానే కిందికి పడి సుళ్లు తిరుగుతుంది. కొండ మీదుగా వీచే గాలి నడక కూడా అదే. గాలి తాకే వైపు విమానాన్ని పైకి లేపుతుంది, అవతలివైపు కిందికి తోస్తుంది. ఆ తోపు నిమిషానికి వెయ్యి అడుగులు దాటితే, 300 అడుగులు ఎక్కగలిగిన ఇంజిన్ దానికి ఎదురు నిలవలేదు. ఆకాశం నిర్మలంగా ఉన్నా కొండ ఎత్తులో గాలి 25 నాట్లు దాటితే చిన్న విమానంతో ఆ రోజు వెళ్లకూడదు. గాలికి ఎదురుగా కొండ వరుసను సమీపించేటప్పుడు ముందుగా తగిలేది ఆ తోసే గాలే కాబట్టి, నేరుగా కాకుండా 45 డిగ్రీల కోణంలో వెళ్లాలి. ఎత్తు తగ్గుతోందని తెలియగానే సగం మలుపుతోనే దూరంగా తప్పుకోవచ్చు. సిమ్యులేటర్‌లో గాలిని సున్నాకు పెట్టి సాధన చేసేవారికి ఈ పాఠం ఎన్నటికీ అందదు.

అపోహ: లోయ మధ్యలో ఎగరడం అన్నిటికంటే క్షేమం.

మధ్యలో ఉన్నవారికి వెనక్కి తిరగడానికి లోయలో సగమే మిగులుతుంది. పదివేల అడుగుల ఎత్తులో వేగం సూది 85 నాట్లు చూపినా గాలిలో అసలు వేగం దాదాపు 100 నాట్లు. 30 డిగ్రీల బ్యాంక్‌తో (రెక్కలను పక్కకు వంచే కోణంతో) పూర్తిగా వెనక్కి తిరగడానికి సుమారు 930 మీటర్ల వెడల్పు కావాలి. కింద సముద్రమట్టం దగ్గర ఇదే సూది వేగానికి 680 మీటర్లు చాలు. 60 డిగ్రీలు వంచితే 310 మీటర్లలో తిరగవచ్చు కానీ, 48 నాట్ల దగ్గర ఉండే స్టాల్ వేగం 68కి పెరుగుతుంది, పలచని గాలిలో ఎత్తు నిలుపుకునే శక్తి ఇంజిన్‌కు ఉండదు. ఒక పక్కకు, వీలైతే గాలి పైకి లేపే వాలు పక్కకు ఒదిగి వెళ్తూ, లోయ వెడల్పు మొత్తాన్ని మలుపు కోసం ఉంచుకోవాలి.

అపోహ: లుక్లాలో దిగడం కుదరకపోతే మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు రావచ్చు.

527 మీటర్ల ఆ రన్‌వే చివర కొండ గోడ ఉంది కనుక, ఒక స్థానం దాటాక దిగడం తప్ప మరో దారి లేదు. 11.7 శాతం ఎగువకు వాలిన రన్‌వే కావడంతో మనం ఉండాల్సినదానికంటే ఎత్తులో ఉన్నామని కన్ను పొరబడుతుంది; దాన్ని నమ్మి కిందికి దిగేవారు రన్‌వే అంచుకు తగులుతారు.

అపోహ: ఇంట్లో సిమ్యులేటర్ గంటలు లైసెన్సుకు పనికొస్తాయి.

పనికిరావు, డీజీసీఏ (మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదించిన పరికరాల మీది గంటలనే లెక్కిస్తారు. ఇంటి సిమ్యులేటర్ చూపలేనిది ఆక్సిజన్ కొరత కూడా. అమెరికా నిబంధనల ప్రకారం 12,500 అడుగులు దాటి అరగంటకు మించితే పైలట్ ఆక్సిజన్ తీసుకోవాలి, 14,000 దాటితే మొదటి నిమిషం నుంచే తీసుకోవాలి. నా దగ్గర ఎగిరేవారి ఫోన్‌లో 12,500 దాటగానే అరగంట అలారం పెట్టిస్తాను. అది మోగేసరికి, కనుమ ఎంత దగ్గరున్నా సరే, కిందికి దిగడం మొదలుపెట్టి ఉండాలి.