గుడ్డెద్దు గెలిచిన రౌండు

టెక్కెన్ 3 అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో ఎడ్డీ గోర్డో అనే ఫైటర్ ఉంటాడు. అతనిది కపోయెరా అనే పోరాట విద్య. చేతుల మీద నిలబడి, నేల మీద దొర్లుతూ కాళ్లతోనే కొడతాడు. ఆ గేమ్ ఆడినవాళ్ల దగ్గర ఎడ్డీ పేరెత్తి చూడండి, ముందు ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ఎందుకంటే అతన్ని ఎంచుకుని రెండు తన్ను బటన్లనూ టకటకా నొక్కుతూ పోతే చాలు, ఏవో విన్యాసాలు జరుగుతూనే ఉంటాయి, ఎదుటివాడు దెబ్బలు తింటూనే ఉంటాడు. ఏడేళ్ల మా మేనల్లుడు ఆ ఎడ్డీతోనే నన్ను వరసగా మూడు రౌండ్లు ఓడించాడు. అప్పటికి నేను నెలల తరబడి సాధన చేసి ఉన్నాను. "ఏం నొక్కావురా?" అని అడిగితే, "అన్నీ" అన్నాడు.

గేమర్లు దీన్నే బటన్ మ్యాషింగ్ అంటారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, చేతికందిన బటనల్లా నొక్కేయడం. ఒక యాక్షన్ గేమ్‌ను తీసిపారెయ్యాలంటే "అబ్బే, ఉత్త బటన్ మ్యాషింగ్" అనేస్తారు. మెచ్చుకోవాలంటే "ఫైటింగ్‌లో లోతుంది" అంటారు. ఆ లోతేమిటో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. బటన్లు ఎక్కువుంటే లోతా? కాంబోలు, అంటే వెంటవెంటనే పడే దెబ్బల వరసలు, పొడుగ్గా ఉంటే లోతా? నాకైతే ఒకటే కొలత కనిపిస్తుంది: నొక్కిన బటన్‌కు గేమ్ ఏదైనా ధర వసూలు చేస్తోందా, లేదా?

నొక్కుడే ఆటయిన రోజులూ లేకపోలేదు. 1983లో కొనామి కంపెనీ ఆర్కేడ్‌లకు, అంటే డబ్బులేసి ఆడే గేమ్ సెంటర్లకు, తెచ్చిన ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో రెండు పరుగు బటన్లను ఎంత జోరుగా మార్చి మార్చి కొడితే తెర మీది అథ్లెట్ అంత జోరుగా పరిగెత్తేవాడు. వేళ్లు చాలక కొందరు స్కేళ్లు, పెన్నులు వాడేవారు. జపాన్‌లో హడ్సన్ కంపెనీకి చెందిన తకహాషి మెయిజిన్ సెకనుకు 16 సార్లు బటన్ నొక్కుతాడని పేరుపడి పిల్లలకు హీరో అయిపోయాడు. 1987లో వచ్చిన మొదటి స్ట్రీట్ ఫైటర్ ఇంకాస్త ముందుకెళ్లింది. దాని మెషీన్లలో ఒక రకానికి గుద్దుకొకటి, తన్నుకొకటి చొప్పున రెండు పెద్ద మెత్తలుండేవి. మెత్తను ఎంత గట్టిగా బాదితే తెర మీద దెబ్బ అంత గట్టిగా పడేది. ఆలోచన బాగానే ఉంది. కానీ అలాంటి మెషీన్ ముందు నిలబడి మెల్లగా కొట్టేదెవరు?

తర్వాత ఆ మెత్తలు పోయి ఆరు బటన్లు వచ్చాయి. చిన్న, మధ్య, పెద్ద గుద్దులకు మూడు, తన్నులకు మూడు. అప్పటిదాకా కండబలంతో తేలిపోయిన విషయం కాస్తా ఎంపిక అయింది. పెద్ద గుద్దు కావాలా, తీసుకోండి. కానీ అది నెమ్మదిగా వస్తుంది, తగలకపోతే కాసేపు దిష్టిబొమ్మలా నిలబడిపోతారు. చిన్న గుద్దు చురుగ్గా వస్తుంది, పెద్దగా నొప్పెట్టదు. ధర అన్నది ఇక్కడ మొదలైంది.

ఆ ధర కాలం రూపంలో ఉంటుంది. ఫైటింగ్ గేమ్‌లు ఎక్కువగా సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. ఫ్రేమంటే తెర మీద మారే ఒక్కో బొమ్మ, దాని ఆయుష్షు దాదాపు 17 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బకూ మూడు భాగాలు: చెయ్యి లేచి చాచేదాకా కొన్ని ఫ్రేములు, తగిలే వీలున్న ఫ్రేములు కొన్ని, చెయ్యి వెనక్కి వచ్చేదాకా ఇంకొన్ని. చివరి భాగాన్ని రికవరీ అంటారు. అదే అప్పు తీర్చే సమయం. అందులో ఉన్నంతసేపు మామూలుగా మీరు ఇంకో దెబ్బ వెయ్యలేరు, అడ్డుకోలేరు. మీ దెబ్బను ఎదుటివాడు అడ్డుకుని మీకన్నా 8 ఫ్రేములు ముందుగా తేరుకున్నాడు అనుకుందాం. స్ట్రీట్ ఫైటర్‌లో చురుకైన చిన్న గుద్దు బయటికి రావడానికి 4 ఫ్రేములు చాలు. వాడు దగ్గర్లోనే ఉంటే ఆ గుద్దు మీకు తగిలి తీరుతుంది. మీ వేళ్లు తకహాషి వేళ్లంత వేగంగా ఆడినా సరే, లెక్క లెక్కే. మ్యాషర్లు పోగొట్టుకునే ప్రాణంలో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది. వాళ్లకు మాత్రం "నేను నొక్కాను, గేమ్ తీసుకోలేదు" అనిపిస్తుంది.

ఇందులో మన శరీరం సంగతీ ఉంది. తెర మీద మెరుపు కనబడగానే బటన్ నొక్కమంటే మామూలు మనిషికి ఇంచుమించు పావు సెకను పడుతుంది. గేమ్ లెక్కలో 15 ఫ్రేములు. అదీ ఒకే మెరుపు, ఒకే బటన్ ఉన్నప్పుడు. ఎంచుకోవలసినవి పెరిగేకొద్దీ ఆలస్యం కూడా పెరుగుతుందని 1952లో విలియం హిక్, మరుసటి ఏడాది రే హైమన్ అనే మనస్తత్వవేత్తలు ప్రయోగాలతో చూపించారు. ఎంపికలు రెట్టింపైన ప్రతిసారీ దాదాపు ఒకే మోతాదు ఆలస్యం వచ్చి చేరుతుంది. కాబట్టి 4 ఫ్రేముల గుద్దును చూసి ఆపడం మనిషన్నవాడి వల్ల కాదు. 20 ఫ్రేములు దాటిన దెబ్బనైతే, దాని కోసమే కాచుక్కూర్చుంటే, చూసి ఆపవచ్చు. గేమ్ తయారుచేసేవాళ్లు ఈ గీతకు అటూ ఇటూ దెబ్బలను సర్దుతారు. కొన్నిటిని ఊహించాలి, కొన్నిటిని చూడాలి, రెండూ ఒకేసారి జరగాలి. తల వేడెక్కేది అందుకే.

ఊహించడం అన్నాను కదా, అక్కడ గణితం తొంగిచూస్తుంది. ఈ గేమ్‌లలో అడ్డు దెబ్బను ఆపుతుంది, పట్టు అడ్డును ఛేదిస్తుంది, దెబ్బ పట్టును చెడగొడుతుంది. ఇలా ఒకదాన్నొకటి మింగే ఎంపికలున్నప్పుడు, వాటిని సరైన పాళ్లలో, ఏ వరసా లేకుండా కలిపి ఆడితే ఎదుటివాడు మనల్ని పట్టుకోలేడు. 1928లో జాన్ వాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త నిరూపించిన సిద్ధాంతం నుంచి తేలేది ఇదే. ఈ లెక్కన మ్యాషర్‌కు ఒక సుగుణం ఉన్నట్టే. వాడి మనసును చదవలేం. చదవడానికి అక్కడేమీ ఉండదు. నేను మూడు రౌండ్లు ఓడింది దీనివల్లే. మా వాడు ఒక దెబ్బ వెయ్యగానే "ఇప్పుడు ఆగి అడ్డుకుంటాడు, పట్టు వెయ్యాలి" అనుకునేవాణ్ని. వాడు ఆగితే కదా! వాడికి తెలియని ఎత్తులకు నేను పైఎత్తులు వేస్తూ కూర్చున్నాను.

అయితే పాళ్లు కూడా సరిగ్గా ఉండాలి. మ్యాషర్ గుట్టు అక్కడ బయటపడుతుంది. వాడు అసలు అడ్డుకోడు. నూటికి నూరు పాళ్లూ దెబ్బలే. ఆ సంగతి గ్రహించాక అడ్డుకోవడం, సందు దొరికినప్పుడు కొట్టడం, అంతకుమించి చెయ్యాల్సిన పని లేదు. నేను నాలుగో రౌండులో గ్రహించాను. వాడు ఏడ్చాడు. వాళ్లమ్మ నన్ను తిట్టింది.

మరి గెలిచిన మ్యాషర్ ఏం నేర్చుకుంటాడు? కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అని మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు. 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఆకలి మీదున్న 8 పావురాలతో ఒక ప్రయోగం చేశాడు. అవి ఏం చేసినా, చెయ్యకపోయినా కాసేపటికొకసారి మేత అందేలా ఏర్పాటు చేశాడు. వాటిలో 6 పావురాలకు వింత అలవాట్లు పట్టుకున్నాయి. ఒకటి అపసవ్యంగా గుండ్రంగా తిరిగేది, ఒకటి గూటి పైమూలకు తల పొడిచేది. మేత వచ్చిన క్షణంలో ఏం చేస్తున్నాయో దానివల్లే మేత వచ్చినట్టు అవి ప్రవర్తిస్తున్నాయని స్కిన్నర్ అన్నాడు. ఆ వివరణను తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు, అది వేరే కథ. మ్యాషర్ పరిస్థితి మాత్రం అచ్చం అదే. వంద నొక్కుల్లో ఏదో ఒకటి తగిలింది. అదేదో తెలీదు. అందుకని వందా నొక్కుతాడు. నొక్కితే నష్టం లేనప్పుడు అది తెలివైన పనే. తప్పంతా ఆటగాడి మీదికి తోసెయ్యడం నాకు నచ్చదు, ఆ పాఠం నేర్పింది గేమే.

ఎదురుగా మనిషి కాకుండా కంప్యూటర్ శత్రువులుండే గేమ్‌లలో ధర వసూలు చేసే తీరు ఇంకా తమాషాగా ఉంటుంది. 2009లో వచ్చిన బ్యాట్‌మన్: ఆర్కమ్ అసైలమ్‌లో ఎవరూ లేని చోట గాలిని గుద్దితే కాంబో లెక్క తెగిపోతుంది. 2011 నాటి డార్క్ సోల్స్‌లో కొట్టడానికీ, దొర్లి తప్పుకోవడానికీ, డాలుతో కాచుకోవడానికీ అన్నిటికీ ఒకటే స్టామినా. ఇంకొక్క దెబ్బ వేద్దామని ఆశపడితే తప్పుకోవడానికి ఊపిరి మిగలదు. దానికి తోడు, ఒక కదలిక పూర్తికాకముందే నొక్కిన బటన్‌ను ఇది గుర్తుపెట్టుకుని తర్వాత అమలు చేస్తుంది. టెన్షన్‌లో రెండుసార్లు నొక్కామా, రెండుసార్లు దొర్లుతాం. మొదటి దొర్లుడు కాపాడుతుంది, రెండోది తీసుకెళ్లి కత్తి కింద పెడుతుంది. నేను ఆ గేమ్‌లో పోగొట్టుకున్న ప్రాణాల్లో సగం ఆ రెండో దొర్లుడు ఖాతాలోవే.

డార్క్ సోల్స్ తయారుచేసిన స్టూడియోనే 2019లో తెచ్చిన సెకిరోలో అడ్డుకునే బటన్‌ను ఆపకుండా కొడుతూ పోతే, సరైన సమయానికి కాచినట్టు లెక్కలోకొచ్చే వ్యవధి కుదించుకుపోతుంది. కంగారుపడేకొద్దీ గురి చిన్నదవుతుందన్నమాట. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ అనే శత్రువు కర్ర ఎత్తుతాడు. ఎత్తి అలాగే ఉంచుతాడు. భయంతో ముందే దొర్లినవాడు లేచే సమయానికి తీరిగ్గా దించుతాడు. ఆ కర్రను అలా ఎత్తిపట్టించినవాడికి ఆటగాళ్ల పిరికితనం బాగా తెలిసుండాలి.

డెవిల్ మే క్రైది ఇంకో దారి. 2001లో హిడెకి కమియా దర్శకత్వంలో వచ్చిన ఈ గేమ్‌లో శత్రువును గాల్లోకి లేపి, కిందపడకుండా కొడుతూ ఉండవచ్చు. ఒనిముషా అనే వేరే గేమ్‌ను పరీక్షిస్తున్నప్పుడు బయటపడ్డ ఒక బగ్, అంటే ప్రోగ్రామ్‌లో దొర్లిన తప్పు, నుంచి ఆ ఆలోచన పుట్టింది. ఆ మాటకొస్తే కాంబోల పుట్టుక కూడా అలాంటిదే. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 తయారీలో, కారును పగలగొట్టే బోనస్ రౌండులో బగ్‌లు వెతుకుతూ నొరిటాకా ఫునమిజు ఒక దెబ్బ వెనకే ఇంకో దెబ్బ అదనంగా పడటం గమనించాడు. టైమింగ్ మరీ కష్టం, ఇదెవరికి ఉపయోగపడుతుందిలే అని దాగిన విశేషంలా వదిలేశారు. ఇప్పుడు కాంబో లేని ఫైటింగ్ గేమ్‌ను వెతుక్కోవాలి. డెవిల్ మే క్రై సిరీస్‌లోని తర్వాతి గేమ్‌లలో మామూలు శత్రువుల మీద ఒకే దెబ్బను తిప్పి తిప్పి వేసినా చాలాసార్లు గెలుస్తారు. కానీ తెర మూలనుండే స్టైల్ గ్రేడ్ కదలదు. దెబ్బలు మార్చి కొడితేనే పైకెక్కుతుంది. ప్రాణం తియ్యకుండా పరువు తీస్తుంది. ఆశ్చర్యమేమిటంటే, చాలామందికి ఆ బెదిరింపే సరిపోయింది.

ఇక బటన్ల సంఖ్య. 2013లో వచ్చిన డైవ్‌కిక్‌లో ఉన్నవి రెండే బటన్లు. ఒకటి పైకెగరడానికి, ఇంకోటి తన్నడానికి. నడవడానికంటూ ఏమీ లేదు. ఒక్క తన్ను తగిలితే రౌండు అయిపోతుంది. ఎగతాళిగా మొదలైన గేమ్ అది. అయినా ఇద్దరు మంచి ఆటగాళ్లు కూర్చుంటే ఎవరు ముందు ఎగురుతారు, ఎంత ఎత్తులో తన్నుతారు అన్న దానిమీద చెమటలు పడతాయి. మరోపక్క, వంద కదలికల జాబితా ఇచ్చి, అందులో ఒక్కటే అన్నిచోట్లా పనికొచ్చేలా చేసిన గేమ్‌లూ ఉన్నాయి. వాటిలో మిగతా తొంభై తొమ్మిదీ అలంకారమే.

2023లో స్ట్రీట్ ఫైటర్ 6 మోడర్న్ కంట్రోల్స్ అని తెచ్చినప్పుడు నేనూ సణిగినవాణ్నే. మేం స్టిక్ తిప్పి తిప్పి వేళ్లు అరగదీసుకుని నేర్చుకున్న ప్రత్యేక దెబ్బలు ఒక్క బటన్‌తో వచ్చేస్తాయి. బదులుగా అలా వేసిన దెబ్బ బలం 20 శాతం తగ్గుతుంది. ఇక విద్యకు విలువేముంది అనుకున్నాను. కానీ ఏ నైపుణ్యమైనా మొదట ఆలోచిస్తూ చేసేదే, చివరికి ఆలోచన లేకుండా జరిగిపోయేదవుతుందని 1967లోనే పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ అనే మనస్తత్వవేత్తలు వివరించారు. వేళ్ల పని అలా అలవాటులోకి జారాక కళ్లకు తీరిక దొరుకుతుంది. కొత్తవాడు తన బొమ్మను చూస్తూ ఆడతాడు, ఆరితేరినవాడు ఎదుటి బొమ్మను చూస్తూ ఆడతాడు. మోడర్న్ కంట్రోల్స్ చేసిందల్లా ఆ తీరికను కాస్త ముందే ఇవ్వడం. ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు నొక్కకూడదు అన్నది అక్కడా ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.

మా మేనల్లుడు ఇప్పుడు ఆ మోడర్న్ కంట్రోల్స్‌తోనే ఆడతాడు. మొన్న ఆన్‌లైన్‌లో ఆడాం. ఆఖరి రౌండులో ఇద్దరికీ రవ్వంత ప్రాణం మిగిలింది. వాడు కదలకుండా నిలబడ్డాడు. నాకు చేతులు ఆగలేదు, గాల్లోకి ఒక పెద్ద తన్ను తన్నాను. అది వెనక్కి వచ్చేలోపే పని అయిపోయింది.

"ఏం నొక్కావురా?" అన్నాను.

"నేనేం నొక్కాను మామయ్యా, నువ్వే నొక్కావు" అన్నాడు.

రీప్లే పెట్టి చూశాను. చివరి నాలుగు సెకన్లలో బటన్లు నావి పదకొండు, వాడిది ఒకటి.