480 నామినేషన్లు, ఒకే డిమాండు: నల్లగొండ ఫ్లోరైడ్ పోరాట నేపథ్యం

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ పడ్డారు. గెలుస్తామన్న భ్రమ వారిలో చాలామందికి లేదు. ఫ్లోరైడ్ లేని కృష్ణా నీళ్లు ఇవ్వండని ఏళ్ల తరబడి పెట్టుకున్న అర్జీలకు దిక్కులేకపోవడంతో, దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి రైతులతో, బాధితులతో పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయించింది. బ్యాంకు ఉద్యోగం వదులుకుని ఈ పనిలోకి దిగిన సత్యనారాయణకు ఓట్ల కంటే ఢిల్లీ దృష్టి ముఖ్యం.

ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లతో వచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, అప్పటికే పాతది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. అంతకుముందే దుక్కిటెద్దులు కాళ్లు పట్టేసి నడవలేకపోవడాన్ని అక్కడి రైతులు గమనించారని చెబుతారు. ఈ నీళ్లు తాగే పిల్లల పళ్లపై ముందు గోధుమరంగు గారలు కడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగుతుంది, కాళ్లు వంకర తిరుగుతాయి. ఒకసారి వంగిన ఎముకను మందులతో సరిచేయలేరు కనుక, చికిత్స అంటూ ఏదైనా ఉంటే అది నీటి దగ్గరే మొదలు కావాలి.

నాగార్జునసాగర్ ఉన్నది ఈ జిల్లా సరిహద్దులోనే. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పొలాలను తడిపింది గానీ, ఎత్తున ఉన్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ ప్రాంతాలకు అందలేదు. అక్కడి జనానికి బోరుబావే గతి. గ్రానైట్ రాళ్ల పొరల్లో చాలాకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కరుగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. చాలా ఊళ్లలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది.

జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ, 1970లలో నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక పద్ధతిని రూపొందించి దానికి ఈ జిల్లా పేరే పెట్టింది. బకెట్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ తగిన పాళ్లలో కలిపి, తేరుకున్నాక పైనీళ్లను వంచుకోవాలి. టాంజానియా దాకా వెళ్లిన ఈ ‘నల్గొండ టెక్నిక్’ సొంత జిల్లాలో మాత్రం నిలదొక్కుకోలేదు. రోజూ కొలతలు తప్పకుండా పటిక కలిపే బాధ్యతను కూలికి పోయే ఇల్లాలి నెత్తిన పెట్టి ప్రభుత్వం చేతులు దులుపుకోవడం, నా దృష్టిలో, పరిష్కారం అనిపించుకోదు.

ఈ వెనుకటి కథంతా 1996 బ్యాలెట్‌పైకి ఎక్కింది. అధికారులు 480 పేర్లూ అచ్చువేయాలి, ఒక్కొక్కరికీ ఒక గుర్తు వెతకాలి. అదే ఏడాది తమిళనాడులోని మొదకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1033 మంది నిలబడ్డారు. నల్లగొండ సీటు సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షంకు దక్కింది. నీళ్ల సమస్య దేశమంతటా వార్త అయింది. అయితే ప్రభుత్వం ముందుగా స్పందించింది నీళ్ల మీద కాదు, నామినేషన్ల మీద. కొద్ది నెలల్లోనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి ధరావతు (డిపాజిట్)ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ అండ లేనివారికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. దేశవ్యాప్తంగా 1996లో 13,952గా ఉన్న అభ్యర్థుల సంఖ్య 1998 నాటికి 4,750కి పడిపోయింది. అర్జీ పెట్టిన తీరుకు జవాబు నెలల్లో వచ్చింది, అర్జీలోని విషయానికి మాత్రం ఏళ్లు పట్టింది.

సాగర్ వెనుకజలాలను పుట్టంగండి వద్ద ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి తెచ్చారు; 2004 నుంచి అక్కడి నీరు హైదరాబాద్‌కూ వెళ్తోంది. రాజధాని కుళాయికి పోయే పైపు తమ జిల్లా మీదుగానే పోతుంటే ఫ్లోరైడ్ పల్లెల మనసు చివుక్కుమనడంలో వింత లేదు. తెలంగాణ ఏర్పడ్డాక, ఇంటింటికీ తాగునీరిచ్చే పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో 2015లో ఆవిష్కరించారు. 2015లో రాష్ట్రంలో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 2020 నాటికి సున్నాకు చేరాయని కేంద్ర జలశక్తి శాఖ లెక్క.

నల్లగొండ ఎత్తుగడ ధరావతు పెంపుతో అంతరించలేదు. 2019లో పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోసం నిజామాబాద్ రైతులు, ధరావతు 25 వేలకు చేరినా, మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో 185 మంది మిగలడంతో ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది.

ఇక కేంద్రం చెప్పిన ఆ సున్నా ఫ్లోరైడ్ ఆవాసాల లెక్క మాత్రమే, మనుషుల లెక్క కాదు. పాత నీళ్లు తాగి నడుము వంగినవారు దివ్యాంగుల పింఛను పొందాలంటే, కనీసం 40 శాతం వైకల్యం ఉందని ప్రభుత్వ వైద్య శిబిరంలో ధ్రువీకరణ తెచ్చుకోవాలి. అది రానివారు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో మళ్లీ అర్జీ పెట్టుకోవాల్సిందే.