ఎంపీ లెటర్ రాస్తే ఆసుపత్రి నిలబడుతుందా? బ్రిటన్ ఎంపీల గురించి అపోహలు - వాస్తవాలు

దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక ఎంపీ ఆఫీసులో కేస్‌వర్కర్‌గా పనిచేస్తున్నాను. వచ్చినవాళ్ల సమస్య విని, కాగితాలు సర్ది, సంబంధిత శాఖకు ఎంపీ సంతకంతో లెటర్ పంపడం నా పని. ఇక్కడి తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఎంపీ లెటర్ ఉంటే ఆపరేషన్ డేట్ ముందుకొస్తుంది.

రాదు. మనకు ఎంపీ లెటర్ అనగానే తిరుమల దర్శనం సిఫార్సు గుర్తొస్తుంది కాబట్టి ఈ ఆశ పుడుతుంది. ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఎవరిది అత్యవసరమో చెప్పేది డాక్టర్లే. కానీ రెఫరల్ ఎక్కడో ఆగిపోతే, లెటర్ వెళ్లాక ఆసుపత్రివాళ్లు ఫైలు తీసి చూస్తారు. ఒకామె నెలల తరబడి కబురు కోసం ఎదురుచూసింది. తీరా చూస్తే స్కాన్ రిపోర్టు ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి చేరనే లేదు. ఆమెకు కావాల్సింది సిఫార్సు కాదు, ఆ రిపోర్టు ఎక్కడుందని గట్టిగా అడిగే మనిషి.

అపోహ: రక్షణ వ్యవహారాలు చూసే ఎంపీకి ఊరి ఆసుపత్రి పట్టదు.

దీనికి దక్షిణ ఇంగ్లండ్ తీరంలోని గాస్‌పోర్ట్ అనే ఊరి చరిత్రే జవాబు. నౌకాదళ నావికుల కోసం 1753లో తెరిచిన హాస్లార్ ఆసుపత్రి అక్కడే ఉండేది. చివరికి దేశంలో మిగిలిన ఒకే ఒక్క సైనిక ఆసుపత్రి అది. ఊరివాళ్లకూ అక్కడే వైద్యం. 1998లో రక్షణ శాఖ దాన్ని మూసేస్తామంది. సైనిక వైద్యుల చేయి తిరగాలంటే రకరకాల కేసులు వచ్చే పెద్ద ఆసుపత్రుల్లో పనిచేయాలన్నది వాళ్ల వాదన. అది తీసిపారేయాల్సిన మాట కాదు. కానీ గాస్‌పోర్ట్‌కు మూడు వైపులా నీళ్లు. అంబులెన్స్ నీళ్లకు అవతలున్న పోర్ట్స్‌మత్ నగరం చేరాలంటే రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్లాలి. జనం వీధుల్లోకొచ్చారు. 1974 నుంచి 2010 వరకు అక్కడి ఎంపీగా ఉన్న పీటర్ విగర్స్ సభలో ఈ విషయం పదేపదే లేవనెత్తారు. అయినా 2007లో సైన్యం వెళ్లిపోయింది, 2009లో ఆసుపత్రి మూతపడింది. ఆ వార్డుల్లో పుట్టినవాళ్లతో, పనిచేసినవాళ్లతో మాట్లాడి చూడండి, ఆ బాధ ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అపోహ: ఆసుపత్రి విషయం ఎన్నికలదాకా రాదు.

ఇంగ్లండ్‌లోని కిడర్‌మిన్‌స్టర్ అనే ఊరి ఆసుపత్రిలో ఎమర్జెన్సీ విభాగం ఎత్తేశారన్న కోపంతో 2001లో ఆ ఊరున్న వైర్ ఫారెస్ట్ నియోజకవర్గ ఓటర్లు రిచర్డ్ టేలర్ అనే రిటైర్డ్ డాక్టర్‌ను స్వతంత్ర అభ్యర్థిగా గెలిపించారు. మెజారిటీ 17,630.

అపోహ: సైన్యాన్ని యుద్ధానికి పంపాలంటే ఎంపీల ఓటు చట్టప్రకారం తప్పనిసరి.

కాదు, అది ఆనవాయితీ మాత్రమే. 2013 ఆగస్టు 29న సిరియాపై సైనిక చర్య కోసం ప్రభుత్వం పెట్టిన తీర్మానం 272–285తో ఓడిపోయింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2018లో మాత్రం ముందు ఓటింగ్ లేకుండానే సిరియాపై దాడులు జరిగాయి.

అపోహ: బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేకపోతే ఎంపీ పట్టించుకోరు.

ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు. పైగా ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులు, స్టూడెంట్ వీసా మీదున్న 18 ఏళ్లు నిండిన పిల్లలతో సహా, పేరు నమోదు చేసుకుంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. ఎంపీ జనాన్ని కలిసే సమయాన్ని ఇక్కడ సర్జరీ అంటారు. వచ్చేటప్పుడు మీ పోస్ట్‌కోడ్, ఎన్‌హెచ్‌ఎస్ నంబర్, ఆసుపత్రి పంపిన లెటర్లన్నీ తేదీల వరుసలో పెట్టి తెచ్చుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.